ఖాశింబీ గారి కుడి చెయ్యి

మా ఐసీయూలో కొత్తగా చేరే సిస్టర్లకు రోగి చేతులు మంచానికి కట్టడం నేర్పించేది నేనే. మెత్తటి పట్టీ ఎలా చుట్టాలి, లాగగానే ఊడే ముడి ఎలా వెయ్యాలి, పట్టీకీ మణికట్టుకీ మధ్య రెండు వేళ్లు ఎందుకు దూరాలి, అన్నీ చెబుతాను. ఖాశింబీ గారి సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. అది చెప్పకుండా ముడి నేర్పితే సగం పాఠమే అవుతుంది. నోటితో చెప్పడానికి సిగ్గుగా ఉంది కాబట్టి రాస్తున్నాను.

2023లో వానలు మొదలైన రోజులు. మాది తిరువూరులో చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఐసీయూ అంటే ఒకే హాలు, మంచాల మధ్య పచ్చ తెరలు. ఖాశింబీ గారు ఊళ్లోనే ఉండే పెద్దావిడ. కూతురు రజియా బ్లౌజులు కుడుతుంది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, మగతలో ఉన్న తల్లిని ఆమే తీసుకొచ్చింది. బైపాప్ పెట్టాం. ముక్కూ నోరూ కప్పి, తల చుట్టూ బెల్టులతో బిగించి, గాలిని ఒత్తిడితో లోపలికి పంపే మాస్కు అది. పెట్టుకున్న మనిషి ఏం మాట్లాడినా బయటికి అర్థం కాదు. తీసేస్తే ఊపిరి అందదు.

మర్నాటికి కాస్త కళ్లు తెరిచారు. పొద్దు వాలే వేళకు ఆవిడ కుడి చెయ్యి లేచి, దుప్పటి అంచు పట్టుకుని తల వైపు లాగింది. వేళ్లు బెల్టుకు తగిలి మాస్కు జారింది. మానిటర్ మోగింది. పరుగెత్తి సరిచేశాను.

"ఏంటి మామ్మా, దుప్పటి కప్పుకుని పారిపోదామనా?" అంది ఆయా అంజమ్మ. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాతి సాయంత్రమూ అదే వేళకు అదే జరిగింది. నాకు చదువు పిచ్చి. నర్సింగ్ డిప్లొమా తర్వాత కాలేజీ మెట్లెక్కలేదు కానీ, ఊరి లైబ్రరీలో బీరువా అడుగున పడి ఉన్న వైద్య పుస్తకాలన్నీ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. వాటిలో నాకు దొరికిన మాట సన్‌డౌనింగ్. పొద్దు గూకేసరికి కొందరు వృద్ధుల మనసు తికమకపడి అస్థిమితంగా ఉండడాన్ని అలా అంటారు. ఆ మాట వాడే అవకాశం కోసం ఎన్నాళ్లుగానో చూస్తున్నాను.

"సార్, ఇది సన్‌డౌనింగ్ అండి. రోజూ చీకటి పడగానే మొదలు" అన్నాను డాక్టర్ శ్రీధర్ గారితో.

"చూశారా, సిస్టర్ మనకంటే ఎక్కువ చదువుతుంది" అని ఆయన మిగతా వాళ్లతో అన్నారు. "సరే, ఈ పూటకి కట్టండి. నొప్పి, దాహం, యూరిన్, అన్నీ చూశారుగా?"

"చూశాను సార్."

చూశానన్నది నిజమే. ఆవిడని అడగలేదన్నదీ నిజమే. పగటి డ్యూటీ సునీత, "మధ్యాహ్నం కూడా చెయ్యెత్తింది అక్కా" అంటే "అది వేరేలే" అన్నాను. నేను చెప్పిన మాటకు సరిపడని సంగతి నాకు అక్కర్లేకపోయింది.

రజియా సంతకానికి వచ్చింది. "కట్టడమేంటి సిస్టర్? మా అమ్మ ఈగని కూడా కొట్టదే!"

"కొడుతుందని కాదమ్మా. మాస్కు పీకేస్తోంది. ప్రాణం ముఖ్యమా, చెయ్యి ముఖ్యమా?"

అలా అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? సంతకం పెట్టింది.

కట్టిన చెయ్యి ఆ రాత్రి ఇంకా గట్టిగా గింజుకుంది. మణికట్టు మీద ఎర్రటి గీత పడింది. మాస్కు అంచు నుంచి కన్నీళ్లు కారాయి. రేపూ ఇలాగే ఉంటే మత్తు ఇవ్వాల్సి వస్తుందన్నారు డాక్టర్ గారు. మత్తుతో ఊపిరి ఇంకా తగ్గితే గొంతులోకి గొట్టం వేసి విజయవాడ పంపాలి. అక్కడిదాకా తట్టుకుంటారో లేదో ఎవరమూ చెప్పలేం.

ఆ మాట చెప్పడానికే మర్నాడు సాయంత్రం రజియాను లోపలికి పిలిచాను. మామూలుగా ఆ వేళకు బంధువులను రానివ్వం. మంచం పక్కన నిలబడి నా ఇంగ్లీషు మాటను ఆమెకు విడమర్చి చెబుతున్నాను. మసీదు మైకులో ఆజాన్ మొదలైంది. రజియా నా ముఖం వైపే చూస్తూ, నా మాటలు వింటూనే, చున్నీ తల మీదకు లాక్కుంది. సరిగ్గా అప్పుడే మంచం మీద కట్టి ఉన్న చెయ్యి పట్టీని లాగింది.

నేను ఒకసారి ఆమె చున్నీని, ఒకసారి ఆ చేతిని చూశాను. రజియా కూడా తల్లి చేతిని చూసింది.

"అయ్యో, ముసుగు కోసమండీ! ఆజాన్ వినబడితే మా అమ్మ నెత్తిన కొంగు లేకుండా ఉండదు. పంపు దగ్గర బిందె పట్టుకుని ఉన్నా సరే."

ఆమె దుప్పటి అంచును తల్లి తల మీదకు, బెల్టులకు తగలకుండా కప్పింది. నేను ముడి లాగాను. ఆ చెయ్యి ఎటూ పోలేదు. గుండెల మీద ఆనుకుని ఊరుకుంది.

ఆ ఆజాన్ నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వింటున్నదే. విని విని వినబడడం మానేసింది. అది మధ్యాహ్నమూ వస్తుంది, సునీత చెప్పింది ఆ వేళ సంగతే. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆదివారం చర్చిలో ప్రార్థన మొదలవగానే నా చెయ్యి కూడా దానంతట అదే కొంగును తల మీదకు లాగుతుంది. మగతలో ఉన్న మొదటి రోజు ఆవిడ చెయ్యి ఎత్తనే లేదు. ఎత్తిందంటే తెలివి వచ్చిందన్నమాట. ఆ తెలివిని నేను మతిభ్రమ అని పేరు పెట్టి మంచానికి కట్టాను.

మత్తు అవసరం రాలేదు. కొన్నాళ్లకు మాస్కు తీశాం. "మామ్మా, నా మీద కోపంగా ఉందా?" అని అడిగాను.

"కోపమెందుకమ్మా, ఊపిరి నిలబెట్టింది మీరేగా" అన్నారు. తర్వాత పచ్చ తెర వైపు గడ్డం చూపించారు. "ఆ పక్కాయన చేతులూ కట్టారు. ఏం కావాలో అడిగారా?"

అడగలేదు. వెళ్లి అడిగాను. పెనుగొలను రైతు కోటేశ్వరరావు గారు మాస్కు వల్ల మాట్లాడలేక కళ్లతో కిందికి చూపించారు. యూరిన్ పైపు తొడ కింద నలిగి, మూత్రం దిగకుండా ఆగిపోయి ఉంది.

ఇప్పటికీ కొందరి చేతులు కట్టక తప్పదు. కానీ పట్టీ చుట్టబోయే ముందు, ఆ చెయ్యి దేనికోసం వెళుతోందో చివరిదాకా చూడాలి. మనిషిని అడగాలి, ఇంటివాళ్లను అడగాలి. పుస్తకం ఆ తర్వాత.

గట్టిగా ఒక్క మాటైనా అనని రజియా గారికి, మత్తు వద్దని ఆపి, చదవడం మాత్రం మానొద్దన్న డాక్టర్ శ్రీధర్ గారికి, నేను వినకపోయినా చెప్పిన సునీతకు, ఆ తర్వాత ఖాశింబీ గారి తలకు రోజూ ఉతికిన గుడ్డ తెచ్చిన అంజమ్మకు, కళ్లతో జవాబిచ్చిన కోటేశ్వరరావు గారికి, ఇదంతా విన్నాక కూడా నాకు పుస్తకాలిస్తున్న లైబ్రేరియన్ వెంకట్రావు గారికి నా కృతజ్ఞతలు. ఖాశింబీ గారికి ఎలా చెప్పాలో తెలియక, ఆవిడ ఇంటికెళ్లేదాకా రోజూ ఆ ఎర్రటి గీత మీద కొబ్బరినూనె రాశాను. "ఇక చాల్లేమ్మా" అని ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఆపేవారు.