పుస్తకాన్ని నమ్మి గీసిన మూడు గీతలు

కుదరబోయే నా పెళ్లిని నా చేతులతో నేనే, కొలత తప్పకుండా గీతలు గీసి మరీ చెడగొట్టుకున్న వైనం చెబుతాను. గుండె గట్టిగా ఉన్నవాళ్లు ఓర్చుకుని చదవండి. తక్కినవాళ్లు నవ్వుకుంటూ చదవండి.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల భవనాలు లేపుతున్న రోజులు. కొత్త ఉద్యోగాల కోసం వచ్చే కుర్రకారుకు ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పే చిన్న సంస్థలో నేను మాస్టరుని. మా తాతగారికి ఏనుగు ఉండేది. నాన్నగారికి దాన్ని కట్టిన గొలుసు మిగిలింది. నాకు ఏనుగులా నడవడం ఒక్కటే మిగిలింది.

వసుంధర నా విద్యార్థిని. లింగంపల్లి నుంచి వచ్చేది. నేను ఏం చెప్పినా అందరూ తలూపేవారు, ఆమె మాత్రం తల కాస్త పక్కకు వంచి, "ఎందుకు సార్?" అనేది. ఆ ఒక్క మాట వినడానికి నేను పాఠంలో కావాలని తప్పులు చెప్పేవాణ్ణి.

వచ్చే శనివారంతో ఆమె చదువు అయిపోతుంది. ఆ తర్వాత ఆమెను చూసే దారి లేదు. పెళ్లి మాట అడగాలి. అయితే మా వంశంలో మగవాళ్లు అడగరు, అడిగించుకుంటారు.

అప్పుడు గుర్తొచ్చింది డిగ్రీలో చదివిన సైకాలజీ పుస్తకం. అందులో పరిశోధకులంతా దేవుళ్లే. తెల్లకోటు, నిటారు వెన్ను. ఒకాయన గంట కొడితే కుక్క చొంగ కార్చింది. ఒకాయన ఆజ్ఞాపిస్తే పెద్దమనుషులు పక్కగదిలో మనిషికి కరెంటు షాకిచ్చే మీటలు కిక్కురుమనకుండా నొక్కారు. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాడికి పేరు కూడా ఉండదు. మా తాతగారి కొలువు కూడా అచ్చం ఇలాగే ఉండేదని వినికిడి. అందుకేనేమో, ఆ పుస్తకం నాకు తెగ నచ్చింది.

అందులోదే గీతల ప్రయోగం. ఒక అట్ట మీద ఒక గీత, ఇంకో అట్ట మీద మూడు. మొదటిదానికి సమానమైనదేదో చెప్పాలి. ముందుగా కూడబలుక్కున్నవాళ్లంతా తప్పు గీత చూపిస్తే, ఏమీ తెలియని చివరి మనిషి కూడా అదే అంటాడని పుస్తకం తేల్చేసింది. నలుగురితో నారాయణ అన్నమాట. గీతల దగ్గర తలొగ్గిన పిల్ల, ఆ నలుగురే "సార్ నీకు తగినవాడు" అంటే కాదంటుందా?

నాతోపాటు అక్కడే కంప్యూటర్ పాఠాలు చెప్పే ఖాజాగూడ మల్లేశ్‌కు నా పథకం వివరించాను.

"గిదంతా ఎందుకన్నా? సీదా పోయి అడుగరాదే?"

"మా ఇంట్లో ఆ అలవాటు లేదు మల్లేశ్."

"మరి గీతలు గీసే అలవాటున్నదా?"

శనివారం వచ్చింది. నేను నేర్పిపెట్టిన కుర్రాళ్లు వరసగా "రెండోది" అన్నారు. రెండో గీత ఎంత పొట్టిదంటే, దాన్ని చూస్తే నాకే జాలేసింది.

"మూడోది సార్," అంది వసుంధర.

"ఇంకోసారి చూడండి. తొందరేం లేదు."

"చూసిన సార్. మూడోదే."

"అందరూ రెండోది అంటున్నారు కదండీ."

"అననియ్యండి. అంటే గీత పెరుగుతదా?"

"పుస్తకం ప్రకారం మీరిప్పుడు రెండోది అనాలండీ."

"ఏ పుస్తకం సార్?"

ఇంతలో సంస్థ యజమాని, నెల్లూరాయన, తలుపులోంచి తల పెట్టారు. "ఏంది మాస్టారూ ఈ గోల? నాకూ ఇక్కణ్ణించి రెండోదే అనిపిస్తా ఉంది." ఆయన కళ్లజోడు ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

వసుంధర నావైపు తిరిగింది. "మీరు చెప్పుండ్రి సార్. ఏది?"

గదంతా నన్నే చూస్తోంది. యజమాని చూస్తున్నారు. వంశమంతా పైనుంచి చూస్తోంది. వెన్ను ఇంకాస్త నిటారు చేశాను.

"రెండోది," అన్నాను.

ఆమె నవ్వలేదు. సంచీ తీసుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర అందుకున్నాను.

"గీతలెందుకో మల్లేశ్ సార్ నిన్ననే చెప్పిండు," అంది.

"తెలిసి కూడా ఎందుకు వచ్చారు?"

"మీరు పుస్తకం మూసి, మీ నోటితోని అడుగుతరేమో అని. అడిగితే మా నాయినకు చెప్దామనుకున్న."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడైనా నాకంటే నయం. వాడు పిల్లను కింద పడేయలేదు.

"ఇప్పుడు అడుగుతానండీ," అన్నాను.

"కండ్ల ముంగటి గీతనే చెప్పలేకపోతిరి. రేపు మీ అమ్మ ముంగట నా దిక్కు ఏం మాట్లాడుతరు సార్?"

జవాబు కోసం ఆమె కాసేపు ఆగింది కూడా. తల పక్కకు వంచి. లింగంపల్లి బస్సొచ్చింది, ఎక్కింది.

చాలా ఏళ్ల తర్వాత ఇంకో పుస్తకం, లావుపాటిది, చేతికొచ్చింది. ఆ ప్రయోగంలో ఎక్కువసార్లు జనం తమ కళ్లనే నమ్మారట. కొందరైతే ఒక్కసారి కూడా లొంగలేదట. మా పాఠ్యపుస్తకం వాళ్లను కత్తిరించి పారేసి, లొంగినవాళ్లతోనే కథ అల్లింది. ఆ కొందరు ఎలా ఉండేవారో, వాళ్లను చూసి ఎవరి గుండెలైనా కొట్టుకున్నాయో లేదో లావు పుస్తకంలోనూ లేదు. ఆ పేజీ మాత్రం నేను ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను.

కాబట్టి పాఠకులారా, మిగిలిన కాస్త వంశగౌరవం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట మనసుపడ్డ మనిషిని ఎవరి సాయమూ లేకుండా నేనే అడుగుతాను. ఇన్నేళ్లలో ఈ ప్రతిజ్ఞ ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పే అవకాశమే మళ్లీ రాలేదు.