అన్నం గంజు ఎత్తుకుపోయిన ముసలాయన

డెబ్బైలలో, ఒమాన్‌కు వెళ్లిన మొదటి వారం. సూర్ దగ్గర రోడ్డు పని. కొండల మధ్య ఎండిన వాగులో ఇసుక మెత్తగా ఉందని కరీంనగర్ వాళ్లం నలుగురం అక్కడే గుడారం వేసుకున్నాం. ఆ దేశంలో నాకు నచ్చిన మొదటి చోటు అదే.

మధ్యాహ్నం పొయ్యి మీద గంజులో అన్నం ఉడుకుతోంది. మా నెత్తిన ఎండ, దూరపు కొండల మీద మాత్రం నల్లటి మబ్బు. మేకలు కాసే ఒక ఒమానీ ముసలాయన అటు చూపిస్తూ ఏదో అరిచి, మందనంతా గట్టెక్కించాడు. వాగంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"మేకలన్నీ గట్టెక్కినయేందిరా?" అన్నాడు వంట చేస్తున్న మా మేస్త్రీ.

"నీ వంట వాసనకే, అన్నా," అన్నాను.

ముసలాయన మళ్లీ దిగి వచ్చాడు. తలగుడ్డతో మా అన్నం గంజు పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తాడు.

"ఓరి దొంగ ముసలోడా!" అని నలుగురం వెంటపడ్డాం.

పైన ఆయన గంజు దించి మా వెనక్కి చూపించాడు. గుడారం ఉన్న చోట ఎర్రటి నీళ్లు బండరాళ్లను దొర్లించుకుపోతున్నాయి.

మేస్త్రీ మూత తీసి, మెతుకు నలిపి చూసి, "ఇంకా పలుకున్నదిరా," అన్నాడు.

వాగులో ఉండిపోయిన పొయ్యి తెస్తానని ఎవరూ లేవలేదు.