తాలింపు వాసన రాని ఇల్లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మాఘమాసంలో, నన్ను మామిడికుదురు మండలంలో ఒక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తెచ్చిన వివరాలు సరిచూసి డాక్టరుగారికి నివేదిక ఇవ్వడం నా పని.

ఆటలమ్మకు వాతావరణంతో చుట్టరికం ఉంది. మా వైపు మంచు విడిచి, గాలి పొడిబారి, ఎండ చురుక్కుమనే వేళకు బడిపిల్లల్లో మొదలవుతుంది. వేసవి ముదిరి బడులు మూసేసరికి తగ్గుతుంది. ఆ ఏడాది ముసురు పట్టి, ఫాల్గుణం వచ్చినా చలి వదలలేదు. కేసులు లేవు. ఈసారి గండం తప్పిందని డాక్టరుగారితో గొప్పగా చెప్పాను. ఎండ కాసిన పదిహేను రోజులకు ఒకే వీధిలో ఆరుగురు పిల్లలకు పోసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అమ్మవారు పోసిన సంగతి చాలామంది బయటికి చెప్పరు. వేపమండ కూడా గుమ్మానికి కట్టకుండా లోపల మంచం దగ్గరే పెట్టుకుంటారు. కానీ ఆ ఇంట్లో తాలింపు వేయకూడదన్న ఆచారం మాత్రం తప్పరు. అందుకని మాలాంటి పాతకాపులు వంటల వేళ వీధంట నడిచి, పోపు వాసన రాని ఇంటి నంబరు రాసుకునేవారు. తరువాత లోపలికి వెళ్లి చూడాలి. పోయిన పరువు నిలబెట్టుకునే తొందరలో నేను ఆ రెండో పని మానేశాను. ఏడు ఇళ్లు రాసి, అటు ఎవరూ వెళ్లవద్దని వీధిలో చెప్పించాను.

వారం తరువాత డాక్టరుగారు నా జాబితాను గర్భిణుల రిజిస్టరుతో సరిపోల్చి, ఏడో ఇల్లు సత్యవతిదని, ఆమెకు ఏడో నెలని, వెంటనే వెళ్లమని అన్నారు. భర్త కువైట్‌లో డ్రైవరు.

సత్యవతి ఒంటిమీద ఒక్క పొక్కు లేదు. కాళ్లు మాత్రం బాగా వాచి ఉన్నాయి. బీపీ చూస్తే భయం వేసింది. తాలింపు ఎందుకు వేయడం లేదని అడిగాను.

"ఒక్కదాన్నే కదండీ, పోపెవరికండీ? పెరుగన్నం తింటన్నాను. ఆటలమ్మంటారా, నాకు చిన్నప్పుడే పోసేసిందండి. అడిగుంటే చెప్పేదాన్ని" అంది. మళ్లీ తనే, "పక్కింటి పిన్నిగారు తోడు పడుకునేవారండి. వారం నుంచీ రావడం మానేసేరు. ఎందుకో తెలీలేదండి" అంది.

ఎందుకో నాకు తెలుసు. సిగ్గుపడ్డాను. అంబులెన్సులో అమలాపురం తీసుకెళ్లాం. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది, తల్లీ బిడ్డా బతికారు. వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి తప్పు నాదని చెప్పాను.

ఎండావానా చూసి ఆటలమ్మ ఊళ్లోకి ఎప్పుడు వస్తుందో సుమారుగా చెప్పవచ్చు. ఏ ఇంట్లో ఉందో తలుపు కొట్టి చూడాలి. ఆ తరువాత చూడకుండా ఏ ఇంటినీ రాయలేదు.

మా ఆవిడ పోయాక నేనూ తాలింపు మానేశాను. ఇప్పుడు మా వీధిలో పోపు వాసన రాని ఇల్లు నాదే. ఎందుకని ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు.