పేరు పెట్టి ప్రార్థించమన్నాడట

మా బావకు నత్తి. బస్సు డిపోలో బ్రేకులు బాగుచేసే మెకానిక్కుకు నత్తి ఉంటే తోటివాళ్లు ఊరుకుంటారా? "ఏరా బ్రేకులూ, టీ తాగుదాం రా" అంటారు. ఆయన నవ్వుతూ వెళ్తాడు. నాకైతే ఒళ్లు మండుతుంది.

నత్తి ఉన్నవాళ్లు మాటలు మార్చడంలో ఆరితేరిపోతారు. పెదవులు కలిపి పలికే అక్షరాలంటే బావకు గండం. "పాలు" అనలేకపోతే "అదే, టీలో పోసేది" అని తప్పించుకుంటాడు. కానీ మనిషి పేరుకు మారుమాట ఉండదు. అందుకే ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవడు. మా అక్క "ఇదిగో". నేను "ఒరేయ్". ప్రార్థన మందిరం నడిపే పెద్దాయన "అయ్యగారు". అలా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు.

అలాంటి మనిషికి దేవుడు అప్పగించిన పని చూడండి. ఒక మధ్యాహ్నం బస్సు కింద గుంతలో నిలబడి బ్రేకు డ్రమ్ము విప్పుతుంటే మనసులో స్పష్టంగా వినిపించిందట: జబ్బుపడ్డవాళ్ల కోసం అందరి మధ్యా నిలబడి ప్రార్థించు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి. సాయంత్రం గ్రీజు చేతులైనా కడుక్కోకుండా మాకు ఆ సంగతి చెప్పాడు.

"దేవుడికి ఇంకో నోరే దొరకలేదా బావా? నాది ఖాళీగానే ఉందిగా!" అన్నాను.

"నీ... నీది అడగలేదురా."

ఆదివారం లేచి నిలబడ్డాడు. జ్వరంతో పడున్న కూరగాయలామె పేరు. మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి, పెదవులు మాత్రం విడివడలేదు. వెనక బెంచీలో ఎవడో ఇకిలించాడు. ముందు వరసలో ఒకావిడ జాలిపడి ఆ పేరు తనే అందించింది. ఆ జాలి కంటే ఇకిలింపే నయం. నత్తివాడి నోట్లో మాట లాక్కుని పూర్తిచేయడం సాయం కాదు, నువ్విక చాలించు అని చెప్పడం. అయినా బావ వినలేదు. ఆ పేరు తన నోటితో పలికాకే కూర్చున్నాడు.

పని ఇచ్చినవాడు నత్తి తీసేస్తాడేమో అని నేను కొన్నాళ్లు ఎదురుచూశాను. తీయలేదు. డిపోలో కుర్రమూకకు మాత్రం కొత్త ఆట దొరికింది. బావ ప్రార్థనను అనుకరిస్తూ టీ బల్ల మీదికెక్కి మరీ ఆడేవాళ్లు. ఒకడి చొక్కా పట్టుకున్నాను. నన్ను వెనక్కి లాగింది మళ్లీ బావే.

చివరికి పెద్దాయన మా ఇంటికొచ్చాడు. ఇల్లంటే మందిరం వెనక రెండు గదులు. ఆయన దయతలచి అద్దెకిచ్చినవి.

"నీ భక్తిని కాదనను బాబూ. పేర్లన్నీ కాగితం మీద రాసివ్వు, మావాడు గడగడా చదివేస్తాడు. దేవుడికి చేరేది ఒకటేగా."

"రా... రాయమనలేదండీ."

"జనం నవ్వుతున్నారయ్యా. నీకే అవమానం కదూ?"

"అ... అవునండీ."

"మరి మానుకోవచ్చుగా?"

బావ తల వంచుకున్నాడు. పెద్దాయన గోడలవైపు చూస్తూ లేచాడు. "ఈ గదులు మాట వినేవాళ్ల కోసం కట్టించాం. ఆలోచించుకో."

ఎంత మెత్తగా చెప్పాడో! తిట్టినా బాగుండేది.

ఆయన గుమ్మం దాటగానే అక్క విరుచుకుపడింది. "ఎక్కడికి పోదామండీ? నాకూ దేవుడున్నాడు. నాతో ఒక్క ముక్కయినా చెప్పలేదేం?"

"నే... నేనూ అడిగాను. ఇంకొకళ్లకి చె... చెప్పమని."

"ఏమన్నాడు?"

"ఏ... ఏమీ అనలేదు. ఇదివరకు అన్నదే."

అక్క గిన్నె విసిరికొట్టింది. నేను దేవుణ్ణి నానా మాటలూ అన్నాను. బావ ఆ గిన్నె తీసి కడిగి బోర్లించాడు. తర్వాతి ఆదివారం మళ్లీ లేచి నిలబడ్డాడు. సోమవారం పెద్దాయన నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు.

ఊరి చివర ఒక రేకుల గది దొరికింది. వెళ్లే రోజూ ఆదివారమే. సామాన్లెత్తిన ఆటో మందిరం ముందు నిలబడి ఉంది. దార్లో ఇంకెక్కడైనా ప్రార్థన చేసుకుందాం, పదండి అన్నాను. బావ లోపలికే నడిచాడు. వారమంతా మాట్లాడని అక్క మొహం మాడ్చుకుని వెనకాలే వెళ్లింది.

ఆఖర్న పెద్దాయన అందరికీ చెప్పాడు: మోకాలి ఆపరేషన్ దగ్గరపడింది, నా కోసం ప్రార్థించండి.

బావ లేచాడు.

ఇన్నేళ్లూ "అయ్యగారు" అన్న పిలుపుతో సరిపెట్టుకున్న మనిషి. ఇప్పుడు ఆ పేరే కావాలి. పెదవులు కలిపి మొదలుపెట్టాల్సిన పేరు. కలిశాయి. అలాగే ఉండిపోయాయి. నరాలుబ్బిన మెడ, బిగిసిన పిడికిళ్లు. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. జనం సంచులు సర్దుకోసాగారు.

పెద్దాయన మొహం కందిపోయింది. తన పేరు తనే గట్టిగా చెప్పేసి, "సరేనా? ఆమెన్. కూర్చో బాబూ" అన్నాడు. కొందరు లేచారు.

"కూర్చోండి!"

ఆ అరుపు అక్కది. "మీకేం తొందర? ఊరి చివరికి పోవాల్సింది మేమేగా! ఆయన ఇంకా పలకలేదు."

లేచినవాళ్లు కూర్చున్నారు. బావ ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు.