తోలు చప్పుడు

మంగళవారం పొద్దున్న టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. మా కోచ్ రాత్రి నిద్రలోనే పోయారు. చదవగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. శనివారం మా అమ్మాయి మళ్ళీ బంతి విసరాలి. నా పక్కన ఆయన ఉండరు.

అమెరికాలో, ఈ పార్సిప్పనీలో మా కింద అపార్ట్‌మెంట్ ఆయనది. హైస్కూల్లో బేస్‌బాల్ నేర్పి రిటైరయ్యాక, మా కాంప్లెక్స్ పిల్లల్ని పోగేసి ఊరికే నేర్పేవారు. మా అమ్మాయి చేతిలో వేగం ఉందని కనిపెట్టి, బంతి విసిరే పిచ్చర్‌ని చేసింది ఆయనే. నాకేమో సీమటపాకాయ పేలినా గుండె దడ. ఆ గట్టి బంతి ఎవరి తలకి తగులుతుందోనని కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. ఆయన మడతకుర్చీ నా పక్కనే వేసుకుని, బంతి బంతికీ "లెదర్" అని చెప్పేవారు. అంటే బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గ్లవ్‌లో పడిందని, తోలు చప్పుడని. వేరే చప్పుడయితే నేను చెప్పక్కర్లేదులే అనేవారు.

పోయిన నెల ఆ వేరే చప్పుడే అయింది. బంతి ఒక పిల్లాడి హెల్మెట్‌కి తగిలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా అమ్మాయి గ్లవ్ పారేసి వాడి వైపు పరుగెత్తింది. కొట్టడానికి వస్తోందనుకుని అవతలి జట్టంతా లేచి వచ్చింది. అదేమో వాడి భుజం తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. పుస్తకానికి కాలు తగిలితే చెయ్యమని నేను నేర్పిన అలవాటు. వాడికేమీ కాలేదు. ఇది మాత్రం మళ్ళీ బంతి ముట్టలేదు.

"ఐ కాంట్, అమ్మా. వాడికేమైనా అయ్యుంటే?"

ఆ వారంలోనే ఒక సాయంత్రం కోచ్ మెట్లెక్కి వచ్చారు. కళ్ళ నీళ్ళు కారుతున్నా మా కారప్పూస వదిలేవారు కాదు. అది నములుతూ, వాళ్ళ తాత ఎదుర్కొన్న పాతకాలపు పిచ్చర్ గురించి చెప్పారు. ఆయన ఇంగ్లీషు నాకెందుకో తెలుగులోనే గుర్తుంది.

"మా తాత ఆ బంతిని చూడలేదు, విన్నాడంతే."

ఆ పిచ్చర్ పొలం పనుల్లోంచి వచ్చిన మనిషట. అంత వేగం ఉండీ, తన బంతికి ఎవరి ప్రాణం పోతుందోనని జీవితమంతా హడలిపోయాడట. మనిషికి దగ్గరగా విసిరేవాడే కాదు. ఆ సంగతి తెలిసి బ్యాటర్లు ధీమాగా ముందుకొచ్చి నిలబడేవారు. ఎప్పుడూ ఓడిపోయే జట్టుని వదలకుండా ఏళ్ళ తరబడి విసిరి, చెయ్యి నెమ్మదించిన వయసులో దాన్ని గెలిపించాడు.

"అప్పటికి భయం పోయిందా?" అంది మా అమ్మాయి.

"లేదు. భయంతోనే విసిరాడు. భయం లేనివాళ్ళ చేతికి నేను బంతి ఇవ్వను."

మర్నాడే అది ఆయన వెంట ప్రాక్టీస్‌కి వెళ్ళింది. ఆయనకి నేను సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు.

శనివారం ఆయన మడతకుర్చీ కంచెకి ఆనించి ఉంది. ఎవరూ దాన్ని తెరవలేదు. మా అమ్మాయి బంతిని కళ్ళకద్దుకుంది. విసరడానికి చెయ్యి వెనక్కి తీసింది. కళ్ళు మూసుకున్నాను. చప్పుడయింది.

తోలు చప్పుడే. పక్కన చెప్పేవాళ్ళు లేరు. "లెదర్" అని మడిచి ఉన్న ఆ కుర్చీతో నేనే చెప్పి, రెండో బంతికి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.