బాణం గుర్తు ఇంజిన్ వైపు

ఉదయం ఐదు యాభైకి మా ఆర్మీ ట్రక్కు దొరవారిసత్రం దాటింది. తొమ్మిది మందిమి. రెండు రబ్బరు పడవలు, తాళ్ళు, స్ట్రెచర్లు, నా పనిముట్ల పెట్టె. ఆరున్నరకి పులికాట్ అంచున ఉన్న తుఫాను షెల్టర్ ముందు దిగాం. గాలి తూర్పు నుంచి. వాన ఇంకా మొదలు కాలేదు. ఆకాశమంతా తడిసిన సిమెంటు రంగు. ఆ ఒడ్డున పక్షి ఒక్కటి కూడా లేదు. అది నాకు నచ్చలేదు.

మాది మనుబోలు. పదిహేడేళ్ళ సర్వీసులో మంచూ చూశాను, ఇసుకా చూశాను. సొంత జిల్లాలో డ్యూటీ పడడం అదొక్కసారే. "పుట్టింటికి వచ్చినట్టుంది నీకు" అని హవల్దార్ వేళాకోళం ఆడాడు. ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ సరిహద్దు కథలు చెప్పమని నన్ను చంపుతుంటారు. నేను బండ్ల మెకానిక్‌ని బాబూ, తుపాకీ కంటే స్పానర్ ఎక్కువ పట్టినవాణ్ణి. నా దగ్గరున్నది ఈ నాలుగు రోజులే.

ఏడు గంటలకి ఆర్డర్. నాలుగు కిలోమీటర్ల అవతల, రొయ్యల చెరువుల మధ్య జాలర్ల పల్లె. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఖాళీ కావాలి. నడవగలిగిన వాళ్ళు అప్పటికే వచ్చేశారు. మిగిలింది నడవలేని ముసలివాళ్ళు ఆరుగురు. చెరువు కట్ట వెడల్పు ఏడడుగులు, ట్రక్కు పట్టదు. ఆ గాలికి పడవ నిలవదు. ఆటోలన్నీ ముందురోజే జనాన్ని ఎక్కించుకుని నాయుడుపేట వైపు పోయాయి. మిగిలిన బండి ఒక్కటే, షెల్టర్ ముందు ఆగిపోయి ఉన్న పాస్టర్ గారి పాత కారు.

పాస్టర్ గారిది పక్క ఊరు. అరవై దాటిన మనిషి, సన్నగా ఉంటారు. కారు కార్బురేటర్ కాలంనాటిది. "స్టార్టయితాది సార్, మళ్ళీ ఆగిపోతాది. లోపల ఎవురో ఈల ఏసినట్టుంటాది" అన్నారు.

బానెట్ ఎత్తగానే తెలిసింది. ఉప్పుగాలికి రబ్బరు గొట్టాలన్నీ పగిలిపోయాయి. ఇంజిన్ తిరిగేటప్పుడు గాలిని పీలుస్తుంది. ఆ పీల్పుతోనే సన్న గొట్టాలు కొన్ని పనులు చేస్తాయి. లావుది బ్రేకు పక్కనున్న గుండ్రటి డబ్బాకి పోయి, మన కాలి బలాన్ని పెంచుతుంది. పగులుంటే బయటి గాలి చొరబడుతుంది. ఆ ఈల అదే. ఏ గొట్టం ఎక్కడిదో తెలియకుండా పీకకూడదు. బ్యాండేజీ గుడ్డ చింపి, ప్రతి గొట్టానికీ, అది తగిలే మూతికీ ఒకే లెక్కన ముడులు వేసి అప్పుడు పీకాను.

కొత్త పైపు తెచ్చింది శీనయ్య. చెరువులకి గాలి కొట్టే మిషన్లు బాగుచేసే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. పని తెలిసిన చేతులు. "ఎన్ని గజాలు కావాల సార్? మా కాడ పైపులకేం కొదవ" అన్నాడు. లావు గొట్టం మధ్యలో చిన్న వాల్వు ఉంటుంది. గాలిని ఒకవైపే పోనిస్తుంది, ఎటు అన్నది దాని మీది బాణం గుర్తు చెబుతుంది. పాతది నా వేళ్ళ మధ్యే పిండి అయిపోయింది. శీనయ్య తన పెట్టెలోంచి అలాంటిదే ఒకటి తీశాడు.

సన్నవి నేనే తగిలించాను. తొమ్మిదీ ఇరవైకి ట్రక్కు ఇసుకలో దిగబడిందని హవల్దార్ పిలిచాడు. "లావుది నువ్వు బిగించు" అని శీనయ్యకి చెప్పి పరుగెత్తాను. బాణం సంగతి చెప్పలేదు. అతనికి తెలుసనుకున్నాను.

ట్రక్కుని బయటికి లాగి, తొమ్మిదీ యాభై ఐదుకి తిరిగొచ్చాను. ఇంజిన్ కుట్టుమిషన్‌లా తిరుగుతోంది. ఈల లేదు, వణుకు లేదు. "ఎట్టుండాది సార్?" అన్నాడు శీనయ్య మురిసిపోతూ. భుజం తట్టాను.

గొట్టాలు మార్చాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఆపి, బ్రేకు మూడుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. అర నిమిషం పని. అప్పుడే వాన అడ్డంగా కొట్టడం మొదలైంది. "కారు ఇంకెంతసేపు?" హవల్దార్ అరిచాడు.

"రెడీ సార్" అన్నాను. బండిలో చోటు మిగలాలని పాస్టర్ గారిని ఒక్కరినే, చేతికి మా రేడియో సెట్ ఒకటి ఇచ్చి, పల్లెకి పంపాం.

పదీ ఇరవై ఐదుకి రేడియో ఆపరేటర్ నా వైపు తిరిగాడు. "పాస్టర్ గారు పల్లె చేరారు. బ్రేకు కొంచెం గట్టిగా ఉందట. పర్వాలేదా అంటున్నారు."

"కొత్త పైపులు. సర్దుకుంటాయని చెప్పు."

పైపులు సర్దుకోవు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మాట ఎందుకన్నానో ఈ రోజుకీ తెలియదు. తడిసి ఉన్నాను, అలసి ఉన్నాను, ఇంజిన్ బాగా తిరుగుతోంది. అంతే.

పదకొండూ పదికి ఆరుగురినీ ఎక్కించుకుని బయల్దేరారు. పదకొండూ ఇరవై నాలుగుకి సెట్‌లో ఒక ముసలమ్మ గొంతు. పాస్టర్ గారి పక్కన కూర్చుని సెట్ పట్టుకుంది. "కట్ట తెగింది నాయనా! తూము కాడ తెగింది! బ్రేకు దిగటంలా అంటుండాడు!"

సెట్ లాక్కున్నాను. "రెండు కాళ్ళతో తొక్కమను! గేరు దించమను!"

ఇనుము నలిగిన చప్పుడు. తరువాత గాలి హోరు.

తూము షెల్టర్‌కి కిలోమీటరు. స్ట్రెచర్లు పట్టుకుని పరుగెత్తాం. శీనయ్య నా పక్కనే పరుగెత్తుతున్నాడు. "బాణం ఎటు పెట్టినావు?" అని అడిగాను. మా ఊరి మాటే వచ్చింది నోటికి.

"బ్రేకు వైపుకే సార్. గాలి ఆడికే గదా పోవాల. చెరువుకైతే అట్టనే పెడతాం."

చెరువు మిషన్ గాలిని నెడుతుంది. బాణం చెరువు వైపే ఉండాలి. కారు ఇంజిన్ గాలిని పీలుస్తుంది. బాణం ఇంజిన్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే వాల్వు మూసుకుపోతుంది, చొరబడే గాలి ఉండదు, ఇంజిన్ హాయిగా తిరుగుతుంది. బ్రేకు మాత్రం రాయి అవుతుంది. నన్ను మోసం చేసింది ఆ హాయి శబ్దమే.

కారు ముందుభాగం తూము స్తంభానికి గుద్దుకుని ఆగింది. స్తంభం పక్కన కట్ట లేదు. ఎర్రటి నీళ్ళు ఉరుకుతున్నాయి. లోపల ఆరుగురూ బతికే ఉన్నారు, ఏడుస్తున్నారు. ఒక్కొక్కరినీ దించాం. పాస్టర్ గారు మాత్రం కదల్లేదు. చెప్పులు జారిపోయిన రెండు పాదాలు, ఒకదాని మీద ఒకటి, పెడల్ మీద ఉన్నాయి. మోకాలి కింద ఎడమ కాలు వంకర తిరిగిపోయింది.

"కాళ్ళు తీయండి పాస్టర్ గారూ. బండి ఆగింది."

"తీస్తే పోతాది సార్."

నా చేతులతో ఆ పాదాలు ఎత్తాల్సి వచ్చింది. చల్లగా ఉన్నాయి. అప్పటికీ నొక్కుతూనే ఉన్నాయి.

ఆసుపత్రికి పోతూ ట్రక్కులో ఆయన నన్ను అడిగారు, "కారులో తప్పేముండింది సార్?"

శీనయ్య నోరు తెరిచాడు. "నా చేత్తోనే..." అనబోయాడు. నేను ఆపాను. "తప్పు కారుది కాదు, శీనయ్యదీ కాదు. చూడాల్సింది నేను. చూడలేదు. మీరు బ్రేకు సంగతి అడిగినప్పుడూ పట్టించుకోలేదు."

ప్రార్థన, క్షమ ఆయన రోజూ చెప్పే మాటలే కదా, ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. సిగ్గు లేకుండా ఎదురుచూశాను. ఆయన కళ్ళు మూసుకుని, "ఆరుగురూ దిగినారా?" అని మాత్రం అడిగారు.

హవల్దార్‌కి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. నాకు రావాల్సిన శిక్ష వచ్చింది. నాలుగో రోజు పదకొండు గంటలకి షెల్టర్ వదిలాం. ఎండ కాసింది. ఆ తరువాత ఏడాదికి సర్వీసు అయిపోయి మనుబోలు వచ్చేశాను. ఒకసారి పాస్టర్ గారింటికి వెళ్ళాను. కర్ర సాయంతో లేచి వచ్చి టీ ఇచ్చారు. ఆ రోజు సంగతి ఆయన ఎత్తలేదు. టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఏ బండి ఎక్కినా ముందు ఆ పరీక్ష చేస్తాను. "పక్క వీధికి పోయేదానికి ఇంత యవ్వారమా" అని మా ఆవిడ నవ్వుతుంది. బ్రేకు మూడుసార్లు తొక్కుతాను, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తాను. పెడల్ మెత్తగా దిగుతుంది. అంతా బాగానే ఉంది, ఇక కాలు తీయవచ్చు. తీయబోతే నా కాలి కింద ఆ రెండు పాదాలు కనిపిస్తాయి, చల్లగా, ఒకదాని మీద ఒకటి, ఇంకా నొక్కుతూ. నేను తీయలేను. మా ఆవిడ పిలిచేదాకా అలాగే కూర్చుంటాను.