అమ్మ ఎర్రమట్టి పూసిన దెయ్యాల కొంప

చింతపల్లి దగ్గర మా ఊళ్లో దెయ్యాల సినిమా తీస్తానని వచ్చినవాడు విశాఖలో నాతో డిగ్రీ చదివినవాడే. ఆ రోజుల్లో బొద్దింకను చూస్తే బెంచీ ఎక్కేవాడు. ఇప్పుడు జనాన్ని హడలగొడతానంటూ ఒక కెమెరా, ఐదుగురు మనుషులను పోగేసుకున్నాడు. ఇల్లు వెతకడానికి వచ్చినప్పుడు మా పెంకుటిల్లు చూసి వాడి కళ్లు మెరిశాయి. పొయ్యి పొగకు నల్లబడ్డ దూలాలు, వానకు పెచ్చులూడిన గోడలు. సెట్టు వెయ్యక్కర్లేదు, అంతా రెడీగా ఉందన్నాడు. మా ఇంటిని అంతగా మెచ్చుకున్నవాడు అంతకుముందు ఎవడూ లేడు.

అమ్మకు అసలు సంగతి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ ఇల్లంటే ఆమెకు ప్రాణం. నాన్న పోయాక పెంకు జారితే తనే ఎక్కి సర్దుకునేది. అందుకే కుటుంబ కథ అని చెప్పాను. దెయ్యానికీ ఒక కుటుంబం ఉంటుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా వైపు కొత్తవాళ్లు గడప తొక్కుతున్నారంటే గోడలకు ఎర్రమట్టి పూసి, అంచులకు సున్నం పెట్టకుండా ఊరుకోరు. షూటింగుకు ముందు రెండు రోజులు నేను టీచర్ల ట్రైనింగని పాడేరులో ఉన్నాను. అమ్మ కాఫీ గింజలు ఆరబెట్టే పని మానుకుని, ఇద్దరు తోడికోడళ్లను తోడు పిలిచి, ఇంటిని పెళ్లికూతుర్ని చేసేసింది. దూలాల మసి గీకేసింది. గుమ్మానికి బంతిపూల దండ కూడా కట్టింది.

దర్శకుడు వ్యాను దిగి ఆ గోడలు చూశాడు. సినిమాలో వాడు చూపించాలనుకున్న భయమంతా వాడి మొహంలోనే కనబడింది.

తర్వాత మొదలైంది అసలు పని. పొయ్యిలో బూడిద నీళ్లలో కలిపి గోడల మీద చల్లారు. దూది పీకి సాలెగూళ్లు అంటించారు. పట్నం నుంచి పొగ మిషను మోసుకొచ్చారు. బయట మంచు గుమ్మం దాకా కమ్మేసి ఉంటే, అది విడిపోయాక పొగ వేద్దామని పదింటిదాకా దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు ఆ మేధావులు.

అమ్మ వాకిట్లో నిలబడి అంతా చూసింది.

"ఏటే ఇది? కుటుంబం కతన్నావు గదే."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆపమని వాడితో అనలేదు. ఎర్రమట్టి గోడల కోసం గొడవపడితే వాడి ముందు పల్లెటూరిదానిలా కనబడతానని నా బాధ.

నాలుగు రోజులకు వాళ్లు పోయారు. గోడలు కడిగించి పెడతామన్న మాట కూడా వ్యానుతో పాటే ఘాట్ దిగిపోయింది. అమ్మ మళ్లీ మట్టి తడిపింది. సాయానికి వెళితే నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ సినిమా నెట్లో వచ్చాక ఊరంతా ఫోన్లలో చూసి నవ్వింది. అమ్మ చివరిదాకా చూసి, ఫోను నా చేతికిచ్చి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

పోయిన నెల విశాఖ నుంచి కారులో కొందరు కుర్రాళ్లు దెయ్యాల కొంప ఎక్కడని వెతుక్కుంటూ వచ్చారు. అమ్మ వాకిట్లో మిరియాలు ఆరబోస్తోంది. ఎర్రగా మెరిసే గోడలు చూసి వాళ్లకు నీరసం వచ్చింది. ఇక్కడ దెయ్యాలున్నాయన్నారే అని అమ్మనే అడిగారు.

"ఒచ్చాయి బాబూ. నాలుగు రోజులుండి, గోడలన్నీ పాడుసేసి ఎల్లిపోనాయి," అంది అమ్మ. తల ఎత్తకుండానే నావైపు చెయ్యి చూపించింది. "పిలిసింది మాత్రం ఇదిగో, మా గుంటే."